బత్తాయి ఒరుగులు.. క్రిస్మస్ తోరణాలు!

రెండు కిలోల పండ్లు, ఒక పురికొస ఉండ, నాలుగు రోజుల ఎండ. డిసెంబర్ సెలవుల్లో చేసే ఈ చిన్న పని ఇంటర్వ్యూలో ఎలా పనికొస్తుందో చూడండి.

డిసెంబర్ వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బజార్లకు ఒక కళ వస్తుంది. ఫ్యాన్సీ షాపుల ముందు పేపర్ స్టార్లు, ప్లాస్టిక్ చెట్లు, మెరుపు దండలు వేలాడతాయి. చర్చిల్లో సెమీ క్రిస్మస్ వేడుకలు మొదలవుతాయి. యూత్ పిల్లలు వరిగడ్డితో పశువుల పాక కడతారు. రాత్రిళ్లు క్యారల్స్ బృందాలు ఇంటింటికీ తిరుగుతాయి. ఆ షాపుల్లోని డబ్బాలను తిప్పి చూస్తే చాలావాటి మీద చైనా పేరే కనిపిస్తుంది. ప్రపంచంలో అమ్ముడయ్యే క్రిస్మస్ అలంకరణ వస్తువుల్లో పెద్ద వాటా చైనాలోని యీవూ నగరం నుంచే వస్తుంది.

ఇదే నెలలో మీ పరిస్థితి ఏంటి? కొందరికి సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి. కొందరు ప్లేస్‌మెంట్ మెయిల్ కోసం ఫోన్ చూసుకుంటూ ఉంటారు. డిగ్రీ చేతికొచ్చి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసేవాళ్లూ తక్కువేం కాదు. పెద్ద కంపెనీలు మన ఊళ్ల కాలేజీలదాకా రావడం అరుదు. హైదరాబాద్ వెళ్లి ఇంటర్వ్యూలో కూర్చుంటే అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి.. 'మీరు సొంతంగా ఏం చేశారు?' చాలామంది దగ్గర దీనికి చెప్పుకోదగ్గ జవాబు ఉండదు. నలుగురిలో ఒకరు చేసిన ప్రాజెక్టు, ఎక్కడో డబ్బు కట్టి తెచ్చుకున్న ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్.. అంతే.

ఆ జవాబును పండ్ల ముక్కలతో తయారుచేసుకోవచ్చు. ఎండిన బత్తాయి, కమలా, నిమ్మ చక్రాలతో క్రిస్మస్ తోరణాలు, చెట్టుకు కట్టే బిళ్లలు, తలుపుకు పెట్టే రింగులు చేయడం అన్నమాట. ఇది లక్షలు తెచ్చే బిజినెస్ ఐడియా కాదు, అలా అనుకుని మొదలుపెట్టొద్దు. కానీ ముడిసరుకు కొనడం, తయారీ, నాణ్యత, ఖర్చు లెక్క, అమ్మకం.. ఒక ఫ్యాక్టరీలో జరిగేదంతా మీ ఇంటి డాబా మీద మూడు వారాల్లో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా జరిగిపోతుంది.

పాత పద్ధతే

క్రిస్మస్ చెట్టుకు మొదట్లో కట్టింది గాజు బంతులను కాదు. జర్మనీలో ఆపిల్ పండ్లు, గింజలు, తీపి రొట్టెలు కట్టేవారు. గాజు బంతులు తర్వాత వచ్చాయి. జర్మనీలోనే లౌషా అనే ఊళ్లో గాజు ఊదే పనివాళ్లు 19వ శతాబ్దంలో పండ్లు, గింజల ఆకారంలో గాజు బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. నిజం పండ్లు కొనే స్తోమత లేని ఒక పనివాడు గాజుతో చేసుకున్నాడని కథగా చెబుతారు. 1880లో అమెరికా వ్యాపారి ఎఫ్.డబ్ల్యూ.వుల్‌వర్త్ వాటిని తన దుకాణంలో అమ్మకానికి పెట్టాక అదో పెద్ద పరిశ్రమ అయింది. ప్లాస్టిక్ రాకకు ముందు సంగతి ఇది. ఇప్పుడు మళ్లీ చాలా దేశాల్లో ఎండిన నారింజ చక్రాలు, దాల్చినచెక్క, లవంగాలతో అలంకరించే అలవాటు తిరిగొచ్చింది.

మనకూ ఇదేం వింత కాదు. పండ్లూ కూరగాయలూ కోసి ఎండబెట్టినవాటికి మన భాషలో ఒరుగులు అనే మంచి మాట ఉంది. మామిడి ఒరుగులు పెట్టని పాతకాలం ఇల్లు అరుదు. గుమ్మానికి మామిడి తోరణం, షాపు ముందు నిమ్మకాయ-మిరపకాయల దండ, పిచ్చుకల కోసం చూరుకు కట్టే వరి కంకుల కుచ్చు.. పండునూ ఆకునూ గింజనూ దారానికి కట్టి వేలాడదీయడం మనకు పుట్టుకతో తెలిసిన విద్యే. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ముందు వాళ్లనే అడగండి. 'ఎండు సరిగ్గా తగిలిందా లేదా' అన్నది వాళ్లు వేలితో నొక్కి చెప్పేస్తారు.

ఏ పండు తీసుకోవాలి?

నల్లగొండ పేరు చెబితే బత్తాయి గుర్తొస్తుంది. గుర్రంపోడు, పెద్దఅడిశర్లపల్లి వైపు తోటలు ఎక్కువ. ఇక్కడ పండేది ప్రధానంగా సాత్‌గుడి రకం. ఉమ్మడి జిల్లా దాటితే దీన్నే మోసంబి అంటారు, అనంతపురం వైపు చీని అంటారు. హైవే మీదున్న నకిరేకల్ నిమ్మకు పెద్ద మార్కెట్. కాబట్టి ముడిసరుకు మీ గడపలోనే ఉంది.

• బత్తాయి: తొక్క గుజ్జుకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. అందుకే చక్రంలా కోసినా, ఎండినా ఆకారం చెదరదు. ఎండాక తేనె రంగు వస్తుంది. యూట్యూబ్ వీడియోల్లో కనిపించే ముదురు నారింజ రంగు రాదు. ఈ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

• కమలా: డిసెంబర్‌లో నాగ్‌పూర్ సరుకు మన మార్కెట్లకు బాగా వస్తుంది. రంగు అదిరిపోతుంది. కానీ తొక్క వదులుగా ఉంటుంది, కోస్తే తొనలు విడిపోతాయి. గట్టిగా, చిన్నగా ఉన్న కాయలను ఏరుకుని కాస్త మందంగా కోయాలి.

• నిమ్మ: చిన్న బిళ్లలకు బాగుంటుంది. త్వరగా ఎండుతుంది, వేడి ఎక్కువైతే అంతే త్వరగా గోధుమరంగుకు తిరుగుతుంది.

• ఆపిల్: అడ్డంగా కోస్తే మధ్యలో నక్షత్రం కనిపిస్తుంది. కోసిన వెంటనే గాలి తగిలి నల్లబడుతుంది కాబట్టి నిమ్మరసం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి తీయాలి.

మొదటిసారి చేసేవాళ్లు బత్తాయితో మొదలుపెట్టడం మంచిది. మచ్చ పడిందనో, సైజు చిన్నదనో వ్యాపారి పక్కన పెట్టిన కాయ మనకు చాలు. రసం తక్కువున్నా నష్టం లేదు. కుళ్లు, మెత్తదనం మాత్రం ఉండకూడదు.

పండుకు తోడుగా మన పొలాల్లో దొరికేవి ఇంకా ఉన్నాయి. పత్తి ఏరే కాలం ఇదే కదా. విచ్చుకున్న పత్తి కాయను కొమ్మతో సహా తెస్తే మంచు పూవులా ఉంటుంది. పత్తి అమ్మేశాక చేలో మిగిలే ఖాళీ గుల్లలూ చెక్క పూలలా అందంగా ఉంటాయి. మిర్యాలగూడ, కోదాడ ఆయకట్టులో వరి కంకులకు కొదవే లేదు. ఇక బిర్యానీ సామాన్లలోని అనాసపువ్వు, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు ప్రతి కిరాణా షాపులో దొరుకుతాయి. అనాసపువ్వు ఎలాగూ నక్షత్రం ఆకారంలోనే ఉంటుంది. పత్తి మీద పురుగు మందు అవశేషాలు ఉండొచ్చు కాబట్టి దులిపి, ఒకరోజు ఎండలో పెట్టి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

ఎండబెట్టడంలోనే ఉంది అసలు పని

బత్తాయిలో సుమారు 85 శాతం నీరే. ఆ నీటిని రంగు చెడకుండా, బూజు పట్టకుండా బయటకు పంపడమే ఇక్కడ మన ఇంజినీరింగ్.

కోత: పండును కడిగి, తుడిచి, తొడిమ పక్కకు వచ్చేలా పడుకోబెట్టి అడ్డంగా కోయండి. తొనలు చక్రపు ఆకుల్లా కనిపించాలి. మందం 5 నుంచి 6 మి.మీ. ఒకే మందంలో లేకపోతే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. రెండు చివరల ముక్కలు పక్కన పెట్టేయండి. సాత్‌గుడిలో గింజలు ఎక్కువ. పిన్నీసుతో మెల్లగా తీసేస్తే ఆ రంధ్రాలూ అందమే. తర్వాత శుభ్రమైన గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్ది తడి లాగేయాలి. ఈ ఒక్క పనితో ఎండే సమయం బాగా తగ్గుతుంది.

ఓటీజీలో: 90 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య పెట్టండి. ప్లేటు మీద కాకుండా జాలీ మీద పరిస్తే రెండు వైపులా గాలి తగులుతుంది. తలుపును కొద్దిగా తెరిచి మధ్యలో చెక్క గరిటె పెడితే ఆవిరి బయటకు పోతుంది. అరగంటకోసారి తిప్పుతూ ఉంటే మూడు నుంచి నాలుగు గంటల్లో అవుతుంది. త్వరగా అవుతుందని 130, 140కి పెంచొద్దు. పండులోని చక్కెర మాడి అంచులు నల్లబడతాయి. పైపొర ముందే గట్టిపడి లోపలి తడి బయటకు రాకుండా ఇరుక్కుపోతుంది కూడా. ఫుడ్ టెక్నాలజీలో దీన్నే కేస్ హార్డెనింగ్ అంటారు. పైకి ఎండినట్టే కనిపిస్తుంది, వారం తర్వాత బూజు పడుతుంది.

ఎండలో: డిసెంబర్‌లో వానలు తక్కువ, గాలిలో తేమ కూడా వానాకాలం కంటే బాగా తక్కువ. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు డాబా మీద స్టీల్ జాలీ పైన పరిచి, పల్చటి తెల్ల పంచె కప్పండి. ఈగలు, దుమ్ము రావు. రాత్రిపూట తప్పనిసరిగా లోపల పెట్టాలి. మన దగ్గర తెల్లవారుజామున మంచు ఎలా పడుతుందో హైవే మీద ప్రయాణించినవాళ్లకు తెలుసు. పగలంతా పోయిన తడిని ఆ మంచు మళ్లీ తెచ్చిపెడుతుంది. మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది.

రెండూ కలిపి: ఇదే అన్నిటికంటే మంచి దారి. రెండు రోజులు ఎండ, చివర ఒక గంట ఓటీజీ. కరెంటు కలిసొస్తుంది, బూజు భయమూ ఉండదు.

ఎండింది లేనిదీ ఎలా తెలుస్తుంది? వేడిగా ఉన్నప్పుడు ముక్క మెత్తగానే ఉంటుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి చూడండి. వేలికి జిగురు అంటకూడదు. వెలుతురుకు ఎదురుగా పెడితే తొనలు గాజులా మెరవాలి. ఇంకా నమ్మకమైన పద్ధతి తూకం. పండులో 85 శాతం నీరు అనుకుంటే 100 గ్రాముల పచ్చి ముక్కల్లో ఘనపదార్థం 15 గ్రాములు. చివరికి ముక్కలో 10 శాతం తడి మిగలాలంటే బరువు 15ను 0.9తో భాగించగా వచ్చే 16.7 గ్రాములు. అంటే 100 గ్రాములు 16, 17 గ్రాములకు దిగేదాకా ఎండాలన్నమాట. ఇంజినీరింగ్ పుస్తకంలో మాస్ బ్యాలెన్స్ అని చదివింది ఇదే!

ఎండిన ముక్కలను వెంటనే దారానికి ఎక్కించొద్దు. గాజు సీసాలో వేసి మూత పెట్టి రెండు మూడు రోజులు ఉంచండి. రోజుకోసారి కదపండి. సీసా లోపలి గోడకు చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండబెట్టాల్సిందే. ఈ పరీక్ష దాటిన ముక్కలే అమ్మకానికి.

ఏమేం చేయొచ్చు?

మొదట మూడు వస్తువులు చాలు. ఎక్కువ రకాలు పెడితే లెక్క చెదురుతుంది.

1. తోరణం: మీటరున్నర పొడవు. ఏడు బత్తాయి చక్రాలు, మధ్యమధ్యలో నాలుగు అనాసపువ్వులు, కొన్ని బిర్యానీ ఆకులు. గోనె సూదితో పురికొస ఎక్కించి ప్రతి ముక్క దగ్గర ముడి వేయాలి. ముడి లేకపోతే ముక్కలన్నీ మధ్యకు జారిపోతాయి.

2. చెట్టు బిళ్ల: ఒక చక్రం, దాని మధ్యలో అనాసపువ్వు, కింద చిన్న దాల్చినచెక్క ముక్క. వీటిని ఆరేసి చొప్పున ప్యాకెట్ చేయండి.

3. తలుపు రింగు: పత్తి కట్టెను నీళ్లలో నానబెట్టి గుండ్రంగా వంచి కట్టాలి. దాని మీద వరి కంకులు, పత్తి పూలు, మూడు నాలుగు బత్తాయి చక్రాలు. చూడగానే 'ఇది మన ఊరిది' అనిపించేది ఇదే.

జాగ్రత్తలు కొన్ని. పండులో చక్కెర ఉంటుంది కాబట్టి చీమలు వస్తాయి. గోడకు ఆనించకుండా దారంతో వేలాడదీయమని చెప్పండి. కొవ్వొత్తుల దగ్గర పెట్టకూడదు. ఎండిన ఆకు, పత్తి క్షణంలో అంటుకుంటాయి. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి మెత్తబడతాయి. పండగ అయ్యాక గాలి చొరబడని డబ్బాలో దాచుకోవాలి, లేదంటే మొక్క మొదట్లో వేస్తే ఎరువవుతుంది.

లెక్క రాయండి

చాలామంది ఇక్కడే తప్పించుకుంటారు. 'పండ్లకు వంద అయింది, వెయ్యికి అమ్మాను' అంటే అది లెక్క కాదు. కింది ధరలు ఉదాహరణకు అనుకున్నవి. మీ మార్కెట్లో అడిగి మీ అంకెలు రాసుకోండి.

పది తోరణాలకు రెండు కిలోల బత్తాయి కావాలి. కిలోకు ఆరు కాయలు అనుకుంటే 12 కాయలు. కాయకు ఏడు మంచి చక్రాల చొప్పున 84. మాడినవి, విరిగినవి పోను 70 మిగిలితే తోరణానికి ఏడు చొప్పున పదికి సరిపోతాయి.

• బత్తాయి, 2 కిలోలు: రూ.120
• పురికొస: రూ.40
• అనాసపువ్వు: రూ.50
• బిర్యానీ ఆకు: రూ.30
• బస్సు చార్జీలు: రూ.50
• కరెంటు: రూ.50
• అట్ట డబ్బాలు, కాగితం: రూ.120

మొత్తం రూ.460. అంటే తోరణానికి రూ.46. ఇక్కడితో ఆగిపోతే మోసపోయినట్టే. కోయడం, తిప్పడం, గుచ్చడం కలిపి మీ చేతి పని ఆరు గంటలు. గంటకు రూ.60 వేసుకుంటే రూ.360. ఇప్పుడు మొత్తం రూ.820. పదిలో ఒకటి అమ్ముడుపోదు అనుకుని తొమ్మిదితో భాగిస్తే ఒక్కోటి సుమారు రూ.91. ఈ ధర కంటే తక్కువకు అమ్మితే మీరు మీ కూలీని వదులుకుంటున్నారని అర్థం. రూ.150కి తొమ్మిది అమ్మితే వచ్చేది రూ.1,350. కూలీ కూడా తీసేస్తే మిగిలేది రూ.530.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. పదికి బదులు నలభై చేయాలంటే? బత్తాయి దొరక్క ఆగదు, ఓటీజీ దగ్గర ఆగుతుంది. మామూలు ఓటీజీలో రెండు జాలీలు పెట్టినా ఒక విడతలో 30 చక్రాలు కూడా కష్టమే. 84 చక్రాలకు మూడు విడతలు, విడతకు నాలుగు గంటలు.. మొత్తం 12 గంటలు. అదే రెండు రోజులు ఎండలో పెట్టి చివరి గంట మాత్రమే ఓటీజీ వాడితే మూడు గంటల్లో అయిపోతుంది. పని ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి అక్కడ మాత్రమే మార్చడాన్ని ఫ్యాక్టరీల్లో బాటిల్‌నెక్ తొలగించడం అంటారు. ప్రొడక్షన్ ఇంజినీర్ రోజూ చేసే పని ఇదే.

నలభై తోరణాల్లో 36 అమ్మితే రూ.5,400. సరుకు ఖర్చు రూ.1,840 పోతే చేతిలో రూ.3,560. దాదాపు 24 గంటల మీ పనికి వచ్చింది అంతే. ఒక సీజన్‌కు పాకెట్ మనీ. జీతానికి బదులు మాత్రం కాదు.

ఎవరికి అమ్మాలి?

తయారుచేసి తర్వాత కొనేవాళ్లను వెతకడం కంటే, ఒక శాంపిల్ చేసి ముందు ఆర్డర్ తీసుకోవడం మేలు. నవంబర్ నెలాఖరుకు శాంపిల్ చేతిలో ఉండాలి. మన మూడు ఊళ్లలో ఎవరెవరు ఉన్నారో చూడండి.

• చర్చి యూత్, సండే స్కూల్ బృందాలు: సెమీ క్రిస్మస్, పశువుల పాక అలంకరణకు ఎలాగూ కొంటారు. వాళ్లలో ఒకరిని కలుపుకొని పనిచేస్తే ఇంకా మంచిది. ఏది నచ్చుతుందో, ఏది ఆ పండగకు తగదో వాళ్లకే తెలుస్తుంది.

• బేకరీలు: ప్లమ్ కేకుల సీజన్ ఇది. కేకు డబ్బా మీద ఒక చెట్టు బిళ్ల కట్టి ఇస్తే ఎలా ఉంటుందో చూపించండి.

• హైవే హోటళ్లు: విజయవాడ రూట్‌లో సూర్యాపేట, కోదాడల దగ్గర ఆగే కార్లు, బస్సులకు లెక్కలేదు. కౌంటర్ దగ్గర అలంకరణకు ఒకటి ఇచ్చి, పక్కన పది అమ్మకానికి పెట్టమని అడగండి.

• స్కూళ్లు: తోరణం అమ్మడంకన్నా, పిల్లలకు గంటసేపు నేర్పించే వర్క్‌షాప్‌కు ఎక్కువ ఆదరణ ఉండొచ్చు.

• హైదరాబాద్‌లోని మీ సీనియర్లు, బంధువులు: వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెట్టండి. ఆర్టీసీ కార్గోలో పంపొచ్చు. డబ్బాలో కాగితం ముక్కలు నింపకపోతే చక్రాలు విరుగుతాయి.

సగం డబ్బు ముందే తీసుకోండి. తెలిసినవాళ్లే కదా అని ఉద్దెర పెడితే జనవరిలో అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. క్రిస్మస్‌కు మిగిలినవి వృథా కావు. మూడు వారాల్లో సంక్రాంతి. అదే తోరణానికి వరి కంకులు ఎక్కువ కడితే పండగ మారిపోతుంది.

ఒక్క నియమం మరిచిపోవద్దు. ఇవి అలంకరణ వస్తువులు. డబ్బా మీద 'తినడానికి కాదు' అని తెలుగులో స్పష్టంగా రాయండి. టీలో, జ్యూస్‌లో వేసుకునే ఎండు చక్రాలుగా అమ్మాలనుకుంటే అది ఆహార వ్యాపారం. ఫసాయ్ రిజిస్ట్రేషన్, శుభ్రత నియమాలు అన్నీ వర్తిస్తాయి. పనిని పెంచుకోవాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. దానికి ఎవరికీ ఏజెంట్ ఫీజు కట్టక్కర్లేదు. ఎండబెట్టే పద్ధతుల గురించి సందేహాలుంటే గడ్డిపల్లి, కంపాసాగర్‌లలోని కృషి విజ్ఞాన కేంద్రాలు మన మూడు ఊళ్లకూ దగ్గరే. వెళ్లి అడగండి.

మీ బ్రాంచ్‌కు తగ్గట్టు..

మెకానికల్ వాళ్లు: నల్లరంగు వేసిన రేకు, పైన అద్దం లేదా ప్లాస్టిక్ షీటు, గాలి లోపలికి రావడానికి కింద, బయటకు పోవడానికి పైన రంధ్రాలు. ఇంత చిన్న సోలార్ డ్రయర్ పెట్టె చేస్తే మంచి మినీ ప్రాజెక్టు. తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ నడిపే 'ఇంటింటా ఇన్నోవేటర్' లాంటి కార్యక్రమాలకూ పంపొచ్చు.

ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లు: ఆ పెట్టెలో డీహెచ్‌టీ22 సెన్సర్‌తో ఉష్ణోగ్రత, తేమ కొలవండి. జాలీ కింద లోడ్‌సెల్ పెట్టి పది నిమిషాలకోసారి బరువు నమోదు చేయండి. గ్రాఫ్ గీస్తే మొదట్లో బరువు వేగంగా పడి, తర్వాత మెల్లగా తగ్గడం కనిపిస్తుంది. ఫుడ్ ఇంజినీరింగ్‌లో దాన్ని డ్రయింగ్ కర్వ్ అంటారు.

కంప్యూటర్స్ వాళ్లు: ఆర్డర్లు, స్టాకు, బాకీలు చూపే చిన్న యాప్ లేదా షీట్. నిజమైన కస్టమర్లు వాడిన యాప్‌కు ఉండే విలువ వేరు.

బీకాం, బీబీఏ వాళ్లు: ఖర్చు పట్టిక, ధర నిర్ణయం, లాభనష్టాలు కలిసే పాయింట్. బీఎస్సీ వాళ్లు: ఏ తేమ దగ్గర బూజు ఆగుతుంది? ముక్కలో వాటర్ యాక్టివిటీ 0.6 కంటే తగ్గితే సూక్ష్మజీవులు పెరగలేవు. ఎందుకో చదివి చెప్పగలిగితే క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూలో అది మీ బలం.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

'క్రిస్మస్ డెకరేషన్ బిజినెస్ చేశాను' అంటే ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుంటారు. 'ఫౌండర్ అండ్ సీఈఓ' అని రెజ్యూమెలో రాస్తే ఇంకా నవ్వుతారు. ఏం చేశారో, ఎక్కడ చెడిందో, ఏం మార్చారో, ఫలితం ఎంతో అంకెల్లో చెప్పాలి. ఇలా:

'బత్తాయి ముక్కలను ఎండబెట్టి అలంకరణ వస్తువులు చేశాను. మొదటి బ్యాచ్‌లో 84 ముక్కలకు 55 మాత్రమే పనికొచ్చాయి. మందం సమానంగా లేకపోవడం, వేడి ఎక్కువవడం కారణాలని గుర్తించాను. కోతకు చెక్కతో ఒక గైడ్ చేసుకుని, ఉష్ణోగ్రత 95కి తగ్గించాక మూడో బ్యాచ్‌లో 74 వచ్చాయి. ఒక్కో తోరణం ఖర్చు ఇంత, ధర ఇంత. ఇన్ని అమ్మాను, ఇన్ని మిగిలాయి.'

ఇందులోని అంకెలు నమూనా మాత్రమే. మీ నోట్‌బుక్‌లో ఉన్నవే చెప్పండి. ఎందుకంటే తర్వాతి ప్రశ్నలు వాటి మీదే వస్తాయి. 'మందం ఎందుకు ముఖ్యం?', 'మిగిలినవి ఎందుకు అమ్ముడుపోలేదు?', 'వెయ్యి చేయాలంటే ఏం మారుస్తావ్?' చేసినవాళ్లు వీటికి తడుముకోరు. చేయనివాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అమ్ముడుపోని సరుకు గురించి చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. అన్నీ అమ్ముడుపోయాయనే కథకంటే, నాలుగు మిగిలాయని, ఎందుకు మిగిలాయో తెలుసుకున్నానని చెప్పేవాళ్లనే నమ్ముతారు.

అందుకే మొదటి రోజు నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, పండ్ల బరువు, ముక్కల సంఖ్య, మందం, ఉష్ణోగ్రత, పట్టిన సమయం, చివరి బరువు, పాడైనవి. ప్రతి బ్యాచ్‌కు ఒక ఫొటో. ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్, ఒక తోరణం బ్యాగులో పెట్టుకుని వెళ్లండి.

ఈ పని నచ్చిందంటే ముందుకు దారులు ఉన్నాయి. ఆహార శుద్ధి, మసాలా, జ్యూస్ కంపెనీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ, కొనుగోలు, ప్యాకేజింగ్ విభాగాల్లో ఫ్రెషర్లను తీసుకుంటారు. పై చదువులకు మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ, తంజావూరు నిఫ్టెమ్, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ హైదరాబాద్ కేంద్రం లాంటివి చూడండి. ఐటీ ఉద్యోగమే కావాలనుకున్నా నష్టం లేదు. సమస్యను కొలిచి, మార్చి, మళ్లీ కొలిచే అలవాటు అక్కడా అదే.

మూడు వారాల ప్లాన్

మొదటి వారం: ఒక కిలో బత్తాయితో ప్రయోగం. ఎండలో సగం, ఓటీజీలో సగం. సీసా పరీక్ష. ఒక తోరణం, ఆరు బిళ్లలు శాంపిల్.

రెండో వారం: శాంపిల్ పట్టుకుని కనీసం పది చోట్లకు వెళ్లండి. వద్దన్నవాళ్లు ఎందుకు వద్దన్నారో కూడా రాసుకోండి. వచ్చిన ఆర్డర్లకు రెండు కలిపి సరుకు కోయండి.

మూడో వారం: గుచ్చడం, ప్యాకింగ్, డిసెంబర్ 20లోపు డెలివరీ. పండగ అయ్యాక ఒక పేజీలో లెక్క తేల్చండి.

ఓటీజీ లేకపోతే ఎండ చాలు. పొద్దున పది గంటలకు డాబా మీద జాలీ పరిచి, సాయంత్రం నాలుగింటికి లోపల పెట్టడం మాత్రం మరవకండి.